పంతొమ్మిదో కట్ట

మా గనిలో గంట ఒకటి మోగితే రాయి ఎక్కిందని గుర్తు. మూడు మోగితే మనుషులు ఎక్కారని. బోనును పైకి లాగే వించి నడిపేవాడు పైన షెడ్డులో కూర్చుంటాడు. తొమ్మిది వందల అడుగుల కింద బోనులో ఎవరున్నదీ వాడికి కనపడదు. గంటే చెప్పాలి. రాయికైతే జోరుగా లాగొచ్చు. మనిషికైతే నిదానం.

ఆ కుర్చీలో నేను పద్దెనిమిదేళ్ళు కూర్చున్నాను. అభ్రకానికి గిరాకీ పడిపోయి తెల్లగట్టు గని మూసేశాక, నిమ్మచెట్లు చూసుకుంటూ పదకొండేళ్ళు గడిపాను. అప్పుడు మా అక్క కూతురు ప్రసూన వచ్చి, "మామా, వించి ఇంకా తిరగతాదా?" అని అడిగింది. ఫిజిక్సులో పెద్ద చదువు పూర్తిచేసి, ఒక సంస్థలో రెండేళ్ళ ఉద్యోగంలో అప్పుడే చేరింది.

"గ్రీజు పెడితే తిరగతాది," అన్నాను.

అట్లా మళ్ళీ ఆ కుర్చీలోకి వచ్చాను. ఈసారి లోపల్నుంచి తీసేదేమీ లేదు. లోపలికి దించడమే.

ఆమె వెతికేది న్యూట్రినో అనే కణం. అదేమిటని అడిగితే నా బొటనవేలు పట్టుకుని, "ఈ గోట్లోంచి క్షణానికి ఆరు వేల కోట్లు పోతా ఉండాయి మామా. ఏమన్నా తెలస్తా ఉందా?" అంది.

"తెలీలా."

"నీ గోటికే కాదు, కొండకీ తెలీదు. ఈ పక్క దూరి ఆ పక్క పోతాయి. ఎప్పుడో ఒకటి తట్టుకుంటాది. ఆ ఒక్కదాని చప్పుడు నేను వినాల."

చుట్టూ గోలగా ఉంటే ఆ చప్పుడు వినపడదు. ఆకాశంలోంచి ఏవో కిరణాలు జల్లులాగా కురుస్తూనే ఉంటాయట. అవి ఆగాలంటే నెత్తిన కొండ ఉండాలి. అందుకు ఈ గని.

ఇక వినే చెవి. అది ప్రసూన సొంతంగా కనిపెట్టింది. అభ్రకాన్ని పొరలు పొరలుగా చీల్చుకుంటూ పోయి, ఒక హద్దు దాటి పలుచన చేస్తే, ఆ రేకుకు కణం తట్టుకున్నప్పుడు లోపల మిణుక్కుమంటుంది. అట్లాంటి రేకులు ఆరు వందల పైన పేర్చి, ఒక్కో రేకు మిణుకునూ విడిగా లెక్కబెట్టే యంత్రం తయారుచేసింది. మిషను మీద చీల్చిన రేకులు పనికి రాలేదు. వాటిలో కంటికి కనపడని పగుళ్ళుండి, కణం రాకపోయినా వాటంతటవే మిణుకుతాయి. చేత్తో చీల్చాలి.

చేత్తో చీల్చేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఒక్కరే మిగిలారు. మా అమ్మ చెంగమ్మ.

అమ్మ నలభై ఏళ్ళు గని షెడ్డులో కూర్చుని రేకులు చీల్చింది. గనిలోకి మాత్రం ఎన్నడూ దిగలేదు. ఆడవాళ్ళు దిగకూడదని అప్పట్లో చట్టం. చట్టం లేకపోయినా మేస్త్రీలు దిగనిచ్చేవాళ్ళు కాదు, గని అలుగుతుందని. లోపల మా నాయన కొట్టిన రాయి పైన ఆమె ఒళ్ళోకి వచ్చేది. మూడు గంటలు మోగినప్పుడల్లా కత్తి కిందపెట్టి బోను వైపు చూసేదని తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు. నాయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఛాతీలో దుమ్ము చేరి పోయాడు.

ఇప్పుడామెకు డెబ్బై మూడు. కళ్ళకు పొర వచ్చింది. "కళ్ళెందుకు, చెవుంది గదా," అంది. అమ్మ రేకును చూసి ఎంచదు. చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటుతుంది. మందంగా ఉంటే ఒక మోత, పలుచనైతే ఒక మోత. ఆమె చీల్చిన మొదటి రేకును ప్రసూన కొలిచే మిషనులో పెట్టి చూసి, నేరుగా వచ్చి అవ్వ చెంప మీద ముద్దు పెట్టింది.

"ఛీ, పో మే. ఎంగిలి చేస్తావు," అని అమ్మ చెంప తుడుచుకుంది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

ఎనిమిది నెలల్లో ముప్పై ఒక్క కట్టలు చీల్చింది. కట్టకు ఇరవై రేకులు, నూలు దారంతో కట్టడం, షెడ్డులో నేర్చిన పద్ధతే. కట్టలు నేనే సైకిలు మీద గనికి చేరవేసేవాణ్ణి. ప్రసూన గూడూరులో వాళ్ళమ్మ దగ్గర ఉంటూ రోజూ గనికి వచ్చేది. వచ్చిన వరసలో కట్ట మీద నంబరు వేసేది. మొదటి పది కట్టల్లో ఒక్క రేకు కూడా వదలకుండా పరీక్షించింది, వాటికి ఏమన్నా రేడియేషన్ అంటుకుని ఉందేమోనని. అన్నీ శుభ్రం. ఆ తరవాతవి స్పిరిటుతో తుడిచి నేరుగా కిందికి పంపింది. పరీక్ష చెయ్యవా అని ఒకసారి అడిగాను.

"అవ్వ చేతివి గదా మామా," అంది.

అట్లాగని ఆమెకు పట్టింపు లేదనుకునేరు. నేనొక రోజు సద్దితోపాటు అరటిపండు తెచ్చుకున్నానని నన్ను బోను దగ్గరికి రానివ్వలేదు. అరటిపండులో పొటాషియం ఉంటుందట. అందులో ఒక రవ్వ ఎప్పుడూ చిటపటలాడుతూ కణాలు విసురుతూ ఉంటుందట.

"నీ ఒంట్లో కూడా ఉండాది. అందుకే యంత్రం దగ్గరికి పోబాక."

"మనిషన్నాక ఉండదా?"

"ఉంటాది. నా యంత్రం మనిషిని కూడా వింటాది. అదే దాంతో తంటా."

అందుకని అది నడిచేటప్పుడు ఆ గదిలో ఎవరూ ఉండరు. కిందనే మూడు వందల అడుగుల అవతల ఒక గదిలో కూర్చోవాలి. లేదా పైన, నా షెడ్డు పక్క గదిలో, తెర ముందు.

దీపావళి ముందర ఒక మధ్యాహ్నం నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ పక్కన సత్తు పళ్ళెం కనపడింది. అందులో జల్లించిన పొయ్యి బూడిద. వేళ్ళు అందులో అద్దుకుని రేకు పట్టుకుంటోంది. వెనకటికి షెడ్డులో పట్టు చాలనివాళ్ళు అట్లా బూడిద అద్దుకునేవాళ్ళు. అమ్మ వాళ్ళను చూసి నవ్వేది. ఆమె ఎప్పుడూ పొడి వేళ్ళతోనే చీల్చేది. ఇప్పుడు ఆ వేళ్ళు వణుకుతున్నాయి.

నన్ను చూసి పళ్ళెం మంచం కిందికి తోసింది.

"పాపకి చెప్పబాక పెంచలా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"చెప్పబాకన్నా గదా."

చెప్పలేదు. మాట్లాడకుండా ఉండటం నాకు కష్టమైన పని కాదు.

ఫిబ్రవరిలో యంత్రం నడవడం మొదలైంది. ఏప్రిల్‌లో ఒక పొద్దున నేను నిమ్మచెట్లకు నీళ్ళు కడుతుంటే ప్రసూన గట్టు మీద పరుగెత్తుకుంటూ వచ్చింది.

"మామా, వినపడింది!"

"ఏంది?"

"పొటాషియం. భూమి లోపల్ది."

భూమి కడుపు ఇన్ని కోట్ల ఏళ్ళైనా ఎందుకు చల్లారలేదో పూర్తిగా ఎవరికీ తెలియదట. లోపల యురేనియం, థోరియం ఉండి కాగుతున్నాయని వాటి కణాలను విని తెలుసుకున్నారు. పొటాషియం కూడా కాగుతూ ఉండాలని లెక్కలు చెబుతున్నాయి. దాన్ని విన్నవాళ్ళు మాత్రం లేరు.

"ఎవురూ వినలా మామా. లోకంలో ఎవురూ. అవ్వ రేకులు విన్నాయి." ముళ్ళున్నాయని చూడకుండా నిమ్మకొమ్మ పట్టుకుని ఊపింది. చెయ్యి గీరుకుపోయినా గమనించలేదు.

"పొటాషియం అంటే మనం చెట్లకేసే పొటాషేనా?" అన్నాను.

"అదే మామా, అదే!" అని నవ్వుతూ గనికి పోయింది.

నేను పార పట్టుకుని అక్కడే నిలబడ్డాను. పొటాష్ బస్తాలు మా ఊరికి రాకముందు మా నాయన ఈ చెట్లకు ఏం వేసేవాడో నాకు బాగా గుర్తుంది. పొయ్యి బూడిద. ఇంట్లో చాలకపోతే వీధివీధి తిరిగి తట్టల్లో ఎత్తుకొచ్చేవాడు.

నీళ్ళు పాదు నిండి పక్క సాలులోకి పొర్లిపోయాయి.

ఆ సాయంత్రం ప్రసూన పై అధికారి, ఆచార్య కోదండపాణి గారు, మలై కాజా డబ్బాతో మా ఇంటికే వచ్చారు. పెద్దమనిషి. అమ్మ ఎదుట కింద చాప మీదే కూర్చున్నారు.

"నెలాఖరున మన సంస్థ కమిటీ వస్తుందమ్మా ప్రసూనా," అన్నారు. "జూన్‌తో నీ రెండేళ్ళు అయిపోతాయి. ఈ ఫలితం చూపించామా, నీ ఉద్యోగం నిలబడుతుంది, గనిలో పరిశోధన నిలబడుతుంది. లేకపోతే యంత్రం విప్పి పట్టుకుపొమ్మంటారు. నీకు తెలుసుగా."

"తెలుసు సార్."

అమ్మకు ఇవేవీ పట్టలేదు. "నిజంగా భూమి ఇన్పించిందా మే?" అంది.

"ఇన్పించింది అవ్వా. నీ చేతుల వల్లే."

అమ్మ నవ్వి, చేతులు రెండూ కొంగు కిందికి లాక్కుంది. నేను చూశాను.

రెండు రోజులు ఆ మాట నోట్లోనే పెట్టుకుని తిరిగాను. చెబితే పిల్ల కష్టమంతా నీళ్ళపాలు. చెప్పకపోతే పిల్ల లోకం ముందు నిలబడి అబద్ధం చెప్పినట్టు, తెలియకుండానే. నడుమ అమ్మకిచ్చిన మాట.

మూడో రోజు కింద నుంచి మూడు గంటలు మోగాయి. ప్రసూన పైకి వచ్చి, నా కుర్చీ పక్కనున్న గోనెపట్టా మీద కూలబడింది.

"భూమి కట్టలు లెక్కబెడతాదా మామా?"

"ఏం?"

కాగితం చూపించింది. ముప్పై ఒక్క నిలువు గీతలు, కట్టకొకటి. కమిటీకి వివరంగా ఉంటుందని విడదీసి గీసిందట. పద్దెనిమిది గీతలు నేలకు అతుక్కుని ఉన్నాయి. పంతొమ్మిదో దగ్గర గీత లేచింది. అక్కణ్ణుంచి పోయేకొద్దీ పొడుగు.

"భూమిలోంచి వస్తే అన్ని రేకులకీ ఒకే మాదిరి తగలాల. పంతొమ్మిది నుంచే ఎందుకు తగలతాది? రెండ్రోజులుగా వెతకతా ఉండా. జిగురు కాదు, వైరు కాదు, తుడిచిన దూది కాదు. పంతొమ్మిదో కట్టప్పుడు ఏం జరిగింది మామా?"

నేను లివరు మీద జిడ్డు తుడుస్తూ కూర్చున్నాను.

"నీకు తెలుసు," అంది.

"ఎట్టా చెప్తావు?"

"రెండ్రోజుల్నుంచి నువ్వు నా మొహం చూడ్డంలా."

గుడ్డ పక్కన పడేసి లేచాను. "ఇంటికి పోదాం పా."

అమ్మ మంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నేను వంగి మంచం కింద నుంచి పళ్ళెం లాగి ప్రసూన చేతిలో పెట్టాను. వేలితో కొంచెం తీసి చూసుకుంది. వెలుతురుకు పెట్టి చూసింది.

"బూడిద," అంది. కాసేపటికి, "పొటాష్," అంది.

"చెప్పేశావా?" అంది అమ్మ నాతో.

"చెప్పలా. చూపించినా."

ప్రసూన పళ్ళెం కింద పెట్టి, మంచం మీద అవ్వ పక్కన కూర్చుని, ఆమె రెండు చేతులూ తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. అవి అక్కడా వణికాయి. చింతపండు జిగురంతా పిల్ల బట్టలకు అంటుకుంది.

"ఎప్పట్నుంచి అవ్వా?"

"దీపావళి ముందర్నుంచి."

"వణుకు రోజురోజుకీ ఎక్కువవతా ఉందా?"

దాని జవాబు అప్పటికే కాగితం మీద ఉంది, పొడుగవుతూ పోయిన గీతల్లో. భూమి లోపల ఏముందో కనుక్కుందామని తొమ్మిది వందల అడుగులు దిగిన యంత్రం, మా ఇంట్లో మంచం కింద దాచిన సంగతిని బయటపెట్టింది.

"నాకెందుకు చెప్పలా?"

"చెప్తే మాన్పిద్దువు గదా," అంది అమ్మ. "నలభై ఏండ్లు చీల్చినా మే. ఏ రేకు ఏ రేడియోలో పెట్టినారో, ఏ ఇస్త్రీ పెట్టెలో పెట్టినారో, యాడికి పోయిందో నాకు తెలీదు. ఇవన్నా యాడుండాయో తెలిసి చీలుద్దామని." ఆగి, "పాడైపోయిందా?" అంది.

ప్రసూన మెత్తగా చెబుతుందనుకున్నాను. ఉన్నదున్నట్టే చెప్పింది.

"పదమూడు కట్టలు పాడైనాయి అవ్వా."

"కడిగితే?"

"అంచుల్లోంచి పొరల్లోకి పోయింది. పోదు."

"మిగతా పద్దెనిమిదీ?"

"అవి బంగారం. కానీ భూమిని వినడానికి చాలవు."

ఎవరికీ తెలీదు గదా, అట్నే ఉండనీ, అని అమ్మ అంటుందేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే నేనే అందామనుకున్నాను. అమ్మ చేతులు వెనక్కి తీసుకుని చింతపండు ముందుకు జరుపుకుంది.

"సారుకి ఇయ్యాలే చెప్పు. రేపటికైతే నోరు రాదు."

ప్రసూన వసారాలోకి పోయి ఫోను చేసింది. చాలాసేపు ఆమె మాటలే వినపడ్డాయి. లోపలికి వచ్చేటప్పటికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అవ్వ పక్కన కూర్చుని గింజలు తియ్యడం మొదలుపెట్టింది.

కమిటీ ముందు కూడా ఆమే చెప్పింది, బూడిదతో సహా. ఒకాయన నవ్వాడట. ఇంకొకాయన నవ్వకుండా, వేలి కొసకంటిన బూడిదను రేకు రేకునా పట్టుకున్న యంత్రం ఉత్తదేమీ కాదన్నాడట. చివరికి ఒక్క సంవత్సరం ఇచ్చారు, పర్మనెంటు కాదు. అదీ ఒక షరతు మీద. మిగిలిన పద్దెనిమిది కట్టలతో యంత్రం దేన్నైనా నిజంగా వింటుందని ముందు చూపించాలి. బరువు తెలిసిన పొటాషియం దగ్గర పెడితే తెర మీద గీత లేవాలి, తీస్తే దిగాలి.

ఆ సంవత్సరంలో కొత్త రేకులు చీల్చుకోవాలి గదా. ప్రసూన సాయంత్రాలు అవ్వ పక్కన కత్తి పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. మొదటి ముప్పై రేకులూ విరిగాయి.

"నీ సదువు వేళ్ళలోకి దిగలా మే," అంటుంది అమ్మ.

"దిగతాది. నువ్వుండు."

"యాడికి పోతా. మీటు. ఆఁ, ఇన్నావా? మందం. ఇంకొకటి తియ్యి."

పరీక్ష రోజు దగ్గరికొచ్చింది. పొటాష్ ఉప్పు ఒక బస్తా తెప్పించనా అని కోదండపాణి గారు ఫోనులో అడిగారు. ప్రసూన వద్దంది. "ఇంకొకటి ఉంది సార్. బరువు చూసే పెట్టాను."

ఇప్పుడు చట్టం మారింది. ప్రసూన రోజూ దిగుతూనే ఉంది. తాను దిగొచ్చని అమ్మకు మాత్రం ఎన్నడూ తట్టలేదు. పరీక్షకు నువ్వే దిగాలని ప్రసూన చెప్పినప్పుడు, "నేనా? గనిలోకా?" అని మూడుసార్లు అడిగింది. పొద్దున్నే తలంటుకుని, పెట్టెలోని చీర తీసి కట్టుకుని, చేతులు కుంకుడు పులుసుతో రుద్ది రుద్ది కడిగింది. బోను దగ్గర అరచేతులు నా ముందు చాపింది.

"చూసుకో. బూడిద రవ్వ లేదు."

తల మీద హెల్మెట్ పెట్టబోతే, "ఈ చిప్ప ఏంది మే," అని కసిరింది. మళ్ళీ తనే సర్దుకుంది. బోను ఇనప కమ్మీని ముట్టుకుని కళ్ళకద్దుకుంది.

"మీ నాయన దిగింది ఇందులోనేనా?"

"ఇందులోనే."

"నిదానంగా దించు నాయనా."

దించాను. ప్రసూన ఆమెను యంత్రం పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి పైకి తీగ లాగిన ఫోను ఇచ్చి, తను అవతలి గదికి పోయింది. పైన నేనూ కోదండపాణి గారూ తెర ముందు కూర్చున్నాం. గీత నేలకు అతుక్కుని ఉంది. పావుగంట అట్లాగే ఉంది. ఆయన రెండుసార్లు కళ్ళజోడు తుడుచుకున్నారు. తరవాత గీత కొస కొంచెం పైకి వంగింది. ఇంకొంచెం. వానాకాలం మొలకలాగా, చూస్తుండగా లేచింది.

ఫోను మోగింది.

"పెంచలా."

"చెప్పుమా."

"ఏమన్నా ఇన్పిస్తా ఉండానా?"

"ఇన్పిస్తా ఉండావు."

"నేనేం మాట్లాడలా మరి."

"మాట్లాడబళ్ళా. ఊరికే కూసో, చాలు."

"ఓయబ్బ," అంది. "గోడంతా మెరస్తా ఉందిరా. నా కంటికే ఇంత మెరస్తా ఉంటే ఇంకెంత ఉండాదో. మీ నాయన ఒక్కనాడన్నా చెప్పలా."

కోదండపాణి గారు రిజిస్టరు తెరిచి, పొటాషియం ఏ రూపంలో పెట్టారో రాసే గడి దగ్గర కలం ఆపి, ప్రసూన గదికి ఫోను కలిపారు. "ఏం రాయమంటావమ్మా?"

"రాసుకోండి సార్. చెంగమ్మ. నలభై ఒక్క కిలోలు."

ఆయన నవ్వలేదు. గుండ్రటి అక్షరాలతో అట్లాగే రాశారు.

గంటన్నర అయ్యాక తెర మీద గీత వంగి దిగడం మొదలుపెట్టింది. అమ్మ కుర్చీలోంచి లేచిందన్నమాట. నేను షెడ్డులోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

గంట మోగింది. ఒకటి.

ఒకటితో ఆగితే రాయి. ప్రసూన ఎప్పుడూ మూడూ గబగబా కొట్టేస్తుంది. నేను లివరు మీద చెయ్యి వేసి ఆగాను. రెండోది మోగింది, గంట తాడు సరిగ్గా అందనట్టు, సన్నగా. మూడోదానికి చాలాసేపు పట్టింది.

తాడు ఎవరి చేతిలో ఉందో నాకు పైనుంచే తెలిసింది. నిదానంగా లాగాను.